తేదీ తప్పితే లెక్క తప్పుతుంది

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభ అనగానే పచ్చిమేత గురించో, దాణా గురించో, పొదుగువాపు గురించో మాట్లాడడం ఆనవాయితీ. ఈనాడు నేను తేదీ గురించి మాట్లాడదలచాను. తేదీలో చెప్పుకోవడానికి ఏముందని మీకు అనిపించవచ్చు. కాని మన సంఘంలో మూడు ముఖ్యమైన పనులు తేదీ మీదనే ఆధారపడి నడుస్తున్నాయి. పాల బిల్లు తేదీ మీద నడుస్తుంది. చూడి పశువు సంరక్షణ తేదీ మీద నడుస్తుంది. టీకా తేదీ మీద నడుస్తుంది. చేతి పుస్తకంలో రాసుకున్నంత కాలం ఈ తేదీలతో పెద్ద చిక్కు లేదు. పాల సేకరణ కేంద్రంలోకి తూకపు యంత్రం, వెన్నశాతం యంత్రం, కంప్యూటరు వచ్చాక, లెక్కలు ఒక యంత్రం నుంచి ఇంకొక యంత్రానికి ఫైలుగా వెళ్లడం మొదలయ్యాక, కొత్త చిక్కు ఒకటి వచ్చింది. అది అందరికీ అర్థం కావడం అవసరం. కార్యదర్శికి ఒక్కరికే అర్థమైతే చాలదు.

ఒకే అంకెలు, రెండు రోజులు

05/03/2024 అని రాస్తే మనకు అది మార్చి 5. మనం ముందు రోజు, తరువాత నెల, చివర సంవత్సరం రాస్తాం. ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి. అమెరికాలో ముందు నెల, తరువాత రోజు రాస్తారు. కనుక అవే అంకెలు అమెరికావారికి మే 3. జర్మనీలో మనలాగే ముందు రోజు రాసినా, మధ్యలో గీతకు బదులు చుక్క పెడతారు. జపాన్, చైనా, కొరియా, హంగరీ దేశాలలో సంవత్సరం ముందు వస్తుంది, తరువాత నెల, ఆ తరువాత రోజు.

ఎవరి పద్ధతి వారిది. ఎవరి ఇంట్లో వారికి అది సరిగానే నడుస్తుంది. ఒక పద్ధతిలో రాసిన అంకెలను మరొక పద్ధతిలో చదివినప్పుడే చిక్కు. మనుషులమైతే చుట్టూ వున్న సంగతి చూసి గ్రహిస్తాం. ఏప్రిల్ నెల బిల్లులో డిసెంబరు ఎందుకు వచ్చిందని ఆగి ఆలోచిస్తాం. యంత్రం ఆగదు. దానికి చెప్పి వుంచిన పద్ధతి ప్రకారం చదివేసి ముందుకు పోతుంది.

యంత్రం తేదీని ఎలా దాచుకుంటుంది?

ఎక్సెల్ వంటి లెక్కల పట్టికలో మనకు తేదీ కనబడుతుంది గాని, లోపల వుండేది ఒక వరుస సంఖ్య. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని అది లెక్కిస్తూ పోతుంది. ఆ లెక్కలో 2024 మార్చి 5 అంటే 45356. 2024 మే 3 అంటే 45415. రెండింటి మధ్య 59 రోజులు. పైకి కనబడే రూపం తొడుగు వంటిది. తొడుగు ఎన్నిసార్లు మార్చినా లోపలి సంఖ్య మారదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులువు. తేదీ సరియైన సంఖ్యగా లోపల నిలిచిన ఎక్సెల్ ఫైలును అమెరికాలో వున్న మన పిల్లలకు పంపినా భయం లేదు. వారికి అది వారి పద్ధతిలో కనబడవచ్చు, రోజు మాత్రం మారదు. ప్రమాదమంతా ఉత్త అక్షరాలుగా వచ్చే ఫైలుతోనే. పాల సేకరణ యంత్రాలు తరచుగా ఇచ్చే సి.ఎస్.వి. ఫైలు అటువంటిదే. అందులో అంకెలు, గీతలు, కామాలు తప్ప ఏది రోజో ఏది నెలో చెప్పే గుర్తు ఏమీ వుండదు. దానిని తెరిచే కంప్యూటరు తన ప్రాంతపు పద్ధతి ప్రకారం చదువుకుంటుంది. కొత్తగా కొన్న కంప్యూటరులో ప్రాంతం 'అమెరికా' అని వుండిపోవడం కద్దు. ఎవరూ దానిని మార్చరు, ఎందుకంటే ఎవరికీ అది కనబడదు.

పదిహేను రోజుల బిల్లు సంగతి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సభ్యురాలు రెండు గేదెలు పెట్టుకుని రోజుకు 8 లీటర్లు సంఘానికి పోస్తున్నదనుకోండి. ఏప్రిల్ 1 నుంచి 15 వరకు 120 లీటర్లు. సేకరణ యంత్రం రోజు, నెల, సంవత్సరం వరుసలో తేదీలు రాసి ఫైలు ఇచ్చింది. ఆ ఫైలును అమెరికా పద్ధతి పెట్టిన కంప్యూటరులో తెరిచారు.

01/04 అన్నది జనవరి 4 అయింది. 02/04 ఫిబ్రవరి 4 అయింది. 03/04 మార్చి 4 అయింది. ఇలా 12/04 వచ్చేసరికి డిసెంబరు 4 అయింది. 04/04 ఒక్కటే ఎటు చదివినా ఏప్రిల్ 4 కనుక దాని చోట అది నిలిచింది. 13/04, 14/04, 15/04 వచ్చినప్పుడు పదమూడో నెల, పద్నాలుగో నెల లేవు కనుక యంత్రం వాటిని తేదీలుగా ఒప్పుకోక, అక్షరాలుగా వదిలివేసింది. ఇప్పుడు ఏప్రిల్ 1 నుంచి 15 వరకు మొత్తం కట్టమంటే లెక్కలోకి వచ్చేది ఒక్క రోజు. 120 లీటర్లకు బదులు 8 లీటర్లు.

ఇంత పెద్ద తప్పు వెంటనే బయటపడుతుంది. ఆమె వచ్చి అడుగుతుంది, కార్యదర్శి చూసుకుంటాడు. భయపడవలసింది చిన్న తప్పులకు. సంవత్సరం చివర బోనసు లెక్క వేసేటప్పుడు 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వున్న వేల వరుసలను ఒక్కసారిగా కూడతాం. అందులో 2025 ఫిబ్రవరి 5న పోసిన పాలు మే 2కు మారిపోతే, అవి ఆ ఆర్థిక సంవత్సరం దాటి పక్క సంవత్సరంలోకి వెళ్లిపోతాయి. మొత్తం కొంత తగ్గుతుంది. ఎవరికి ఎంత తగ్గిందో చూసినంత మాత్రాన తెలియదు. ఒకరికి తగ్గి మరొకరికి తగ్గకపోతే అనుమానం కంప్యూటరు మీదకు పోదు. కార్యదర్శి మీదకు పోతుంది, పాలకవర్గం మీదకు పోతుంది. సంఘం నిలబడేది నమ్మకం మీద. ఆ నమ్మకం చెదిరితే సభ్యుడు క్యాను తీసుకుని ప్రైవేటు వ్యాపారి దగ్గరకు పోతాడు.

సంవత్సరంలో 365 రోజులున్నాయి. వాటిలో ప్రతి నెల మొదటి 12 రోజులూ, అంటే 144 రోజులు, రెండు విధాలా చదవడానికి వీలైనవి. వీటిలో జనవరి 1, ఫిబ్రవరి 2 వంటి 12 రోజులు మాత్రం ఎలా చదివినా మారవు. మిగిలిన 132 రోజులు చప్పుడు లేకుండా తారుమారవుతాయి. మిగతా 221 రోజులు తేదీలుగా మారక మొండికేస్తాయి. ఆ మొండికేసినవే మనకు మేలు చేసేవి. అవి కంటికి కనబడతాయి, ఏదో తప్పు జరిగిందని చెబుతాయి. 132 రోజుల సంగతి ఇంటి దొంగ వంటిది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. పాలలో నీళ్లు కలిస్తే లాక్టోమీటరు పట్టిస్తుంది. తేదీ తారుమారైతే పట్టించే లాక్టోమీటరు లేదు.

గేదెకు జరిగే నష్టం

డబ్బు తప్పును తరువాతనైనా సరిచేసుకోవచ్చు. పశువు విషయంలో గడిచిన కాలం తిరిగి రాదు.

2024 మార్చి 5న ఒక గేదెకు కృత్రిమ గర్భధారణ చేయించి చూడి కట్టిందనుకుందాం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. కనుక 2025 జనవరి 9 ప్రాంతంలో ఈనుతుంది. ఈనడానికి రెండు నెలల ముందు పాలు తీయడం ఆపి ఎండగట్టాలి. అంటే 2024 నవంబరు 10 నాటికి. ఈ విశ్రాంతి వుంటేనే పొదుగు కోలుకుంటుంది, కడుపులోని దూడ పెరుగుతుంది, వచ్చే ఈతలో పాల దిగుబడి నిలుస్తుంది.

ఆ మార్చి 5 కంప్యూటరులో మే 3 అయిందనుకోండి. అప్పుడు యంత్రం ఈనే తేదీని 2025 మార్చి 9 అంటుంది. ఎండగట్టవలసిన తేదీని జనవరి 8 అంటుంది. మరునాడు ఈనవలసిన గేదెను ఇవాళ ఎండగట్టమని జాబితా ఇస్తుందన్న మాట. జాబితాను నమ్మిన రైతు రెండు నెలలు అదనంగా పాలు పిండుతాడు. ఆఖరి నెలల్లో పెట్టవలసిన అదనపు దాణా పెట్టడు. ఈనే రోజున కనిపెట్టుకుని కూర్చోవలసిన మనిషి పొలంలో వుంటాడు. అనుభవమున్న రైతు పొదుగు చేపు చూసి, నడుము పక్క కండరాలు జారడం చూసి గుర్తుపడతాడు నిజమే. కాని కొత్తగా పాడి పెట్టినవారు జాబితా మీదనే ఆధారపడతారు. వారికోసమే కదా మనం జాబితాలు ఇస్తున్నది.

పెయ్య దూడ సంగతి కూడా చూడండి. బ్రూసెల్లా వ్యాధి రాకుండా 4 నుంచి 8 నెలల వయసు గల పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారి టీకా వేస్తారు. ఈ వ్యాధి సోకిన పశువు చూడి చివరి నెలల్లో ఈసుకుపోతుంది. మనుషులకూ ఇది అంటుకుంటుంది. 2024 ఆగస్టు 4న పుట్టిన పెయ్యకు టీకా వేయవలసిన కాలం డిసెంబరు 4 నుంచి 2025 ఏప్రిల్ 4 వరకు. ఆ పుట్టిన తేదీ ఏప్రిల్ 8గా మారితే, యంత్రం లెక్కలో టీకా కాలం ఆగస్టు 8న మొదలై డిసెంబరు 8న ముగుస్తుంది. మొదలయ్యే నాటికి దూడ వయసు 4 రోజులు. అసలు వయసు వచ్చిన నాలుగు రోజులకే దాని పేరు జాబితాలోంచి పోతుంది. ఆ దూడకు టీకా పడదు. ఎందుకు పడలేదో ఎవరికీ తెలియదు.

విదేశీ ఆబోతుల వివరాలు, విదేశాలలో తయారైన పరీక్ష యంత్రాలు ఇచ్చే ఫైళ్లు మన పట్టికలలోకి వచ్చేటప్పుడు ఇదే చిక్కు తిరగబడి వస్తుంది. అక్కడి ఫైలులో నెల ముందు వుంటుంది, మన కంప్యూటరు రోజు ముందు వుందనుకుని చదువుతుంది. ఫలితం ఒకటే.

యంత్రం తేదీ కానిదానిని తేదీ చేయడం కూడా వుంది. కొన్ని సంఘాలలో సభ్యుల సంఖ్యను 3-12 అని, అంటే మూడవ వీధి పన్నెండవ సభ్యుడని రాసుకుంటారు. పట్టికలోకి రాగానే అది డిసెంబరు 3 గానో మార్చి 12 గానో మారుతుంది. దీనికి చదువుకున్నవారూ అతీతులు కారు. మానవ జన్యువులకు పెట్టిన కొన్ని పొట్టి పేర్లు సెప్టెంబరు, మార్చి నెలల పేర్లను పోలి వుండడంతో ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చివేస్తూ వచ్చింది. చివరకు 2020లో జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది.

నివారణ: రాసేటప్పుడు

జబ్బు వచ్చాక మందు కంటే రాకుండా టీకా మేలని మనకు తెలుసు. ఇక్కడా అంతే.

మొదటిది, యంత్రంలోకి పోయే ప్రతి తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి. 2024-03-05 అని. సంవత్సరం నాలుగు అంకెలు, నెల రెండు, రోజు రెండు, మధ్యలో అడ్డగీత. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఐ.ఎస్.ఓ. 8601 అనే ప్రమాణంలో నిర్ణయించిన వరుస ఇదే. ఈ వరుసలో రాస్తే అమెరికా పద్ధతి పెట్టిన కంప్యూటరు కూడా మార్చి 5 అనే చదువుతుంది. ఒకవేళ అక్షరాలుగా మిగిలిపోయినా అక్షరక్రమంలో పేర్చితే రోజుల క్రమంలోనే వస్తాయి. సేకరణ యంత్రం అమర్చేవారిని ఫైలులో తేదీ ఈ వరుసలో వచ్చేలా పెట్టమని అడగండి.

రెండవది, చేతి పుస్తకంలో, పశువుల కార్డులో నెల పేరును అక్షరాలలో రాయండి. 5 మార్చి 2024 అని రాస్తే ఎవరు చదివినా తప్పు పోదు. అయితే తెలుగులో రాసిన నెల పేరును కంప్యూటరు తేదీగా గుర్తించకపోవచ్చు, కనుక అక్కడ అంకెలే వాడండి.

మూడవది, సంవత్సరాన్ని రెండు అంకెలతో సరిపెట్టకండి. 05/03/04 అని రాస్తే ఏది రోజు, ఏది నెల, ఏది సంవత్సరం అని మనిషే తికమకపడతాడు.

నాలుగవది, మన రైతు సోదరులు "ఉగాదికి నాలుగు రోజుల ముందు ఎదకు వచ్చింది" అని చెబుతారు. అది తప్పు కాదు, అలవాటు. కాని 2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే, 2025లో మార్చి 30న వచ్చింది. కనుక విన్న వెంటనే, సభ్యుడు ఎదురుగా వుండగానే, క్యాలెండరు చూసి తేదీ వేసుకోవాలి.

నివారణ: ఫైలు తెచ్చుకునేటప్పుడు

యంత్రం ఇచ్చిన సి.ఎస్.వి. ఫైలు మీద రెండుసార్లు నొక్కి నేరుగా తెరవకండి. అలా తెరిస్తే ఊహించే పని ఎక్సెల్‌కు అప్పగించినట్లే. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు ఒకటి దాచి, ముందు ఖాళీ ఎక్సెల్ పట్టిక తెరవండి. డేటా అనే చోట 'ఫ్రమ్ టెక్స్ట్/సి.ఎస్.వి.' ఎంచుకుని, 'ట్రాన్స్‌ఫార్మ్ డేటా' నొక్కండి. కుడి పక్క జాబితాలో 'ఛేంజ్‌డ్ టైప్' అని యంత్రం తనంతట తాను వేసిన మెట్టు వుంటే దానిని తీసివేయండి. తరువాత తేదీల నిలువు వరుస మీద 'యూజింగ్ లొకేల్' ఎంచుకుని, రకం 'డేట్' అని, ప్రాంతం 'ఇంగ్లిష్ (ఇండియా)' అని చెప్పండి.

పాత ఎక్సెల్‌లో 'టెక్స్ట్ టు కాలమ్స్' మూడవ మెట్టులో 'డి.ఎం.వై.' ఎంచుకోవచ్చు. అయితే ఇది ఇంకా అక్షరాలుగా వున్న వరుసకే పనికివస్తుంది, ఇప్పటికే తారుమారైన తేదీలను బాగుచేయదు. లిబ్రె ఆఫీసులో ఫైలు తెరిచేటప్పుడే ఒక పెట్టె వస్తుంది, అందులో ఆ వరుసకు రోజు-నెల-సంవత్సరం అని చెప్పాలి. గూగుల్ షీట్స్‌లో ముందుగా సెట్టింగులలో ప్రాంతం 'ఇండియా' అని పెట్టి ఆ తరువాత ఫైలు తేవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. యంత్రం అడిగేది వచ్చిన ఫైలులో తేదీలు ఏ వరుసలో వున్నాయని, మనకు ఏ వరుసలో కావాలని కాదు. ఫైలు అమెరికా నుంచి వచ్చినదైతే అక్కడ అమెరికా అనే చెప్పాలి. సభ్యుల సంఖ్యలు, పశువు చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య వున్న వరుసలకు రకం 'టెక్స్ట్' అని చెప్పాలి.

తేదీలు ఇప్పటికే చెడిపోయి వుంటే రూపం మార్చి బాగుచేయబోకండి. తొడుగు మారుతుంది, లోపలి సంఖ్య మారదు. చేత్తో ఒక్కొక్కటి దిద్దడం మొదలుపెడితే ఏది దిద్దినదో ఏది దిద్దనిదో తెలియక రెట్టింపు చిక్కు. పట్టిక తీసివేసి, దాచిన అసలు ఫైలు నుంచి మళ్లీ తెచ్చుకోవడమే దారి.

బిల్లుకు ముందు అయిదు నిమిషాలు

బిల్లు వేయడానికి ముందు నాలుగు సంగతులు చూడండి. తేదీల వరుసలో కొన్ని ఎడమ వైపుకు, కొన్ని కుడి వైపుకు జరిగి వున్నాయా? ఎవరూ సర్దకుండా వుంటే తేదీ కుడి వైపుకు, అక్షరాలు ఎడమ వైపుకు వుంటాయి. రెండు రకాలూ కలిసి వుంటే తారుమారు జరిగినట్లే. ఫిల్టరు తెరిచి చూస్తే ఏప్రిల్ పాల లెక్కలో మిగతా నెలలు కనబడుతున్నాయా? ఇంకా రాని తేదీలు ఏమైనా వున్నాయా? ప్రతి రోజుకూ ఉదయం, సాయంత్రం రెండు పూటలూ వున్నాయా? చివరగా, పట్టికలోని మొత్తం లీటర్లను సంఘం సేకరణ పుస్తకంలోని మొత్తంతో సరిచూడండి. ఈ పని కార్యదర్శి ఒక్కరే కాక, పాలకవర్గంలో మరొకరు పక్కన కూర్చుని చూడడం మంచిది. అది కార్యదర్శి మీద అనుమానంతో కాదు, ఆయనకు రక్షణగా.

సభ్యులకు ఒక మాట. మీరు పాలు పోసిన ప్రతి పూటా చీటీ అడిగి తీసుకోండి. బిల్లు వచ్చిన రోజున చీటీలతో సరిచూసుకోండి. గర్భధారణ చేయించిన తేదీ, ఈనిన తేదీ ఇంట్లో క్యాలెండరు మీద కూడా గుర్తు పెట్టుకోండి. జాబితాలో తేదీ దానికి పొందకపోతే సంకోచించకుండా సంఘానికి వచ్చి చెప్పండి. చదువు రానివారు ఇంట్లో బడికి పోయే పిల్లల చేత చూపించుకోండి.

కంప్యూటరు మన పాలేరు వంటిది. చెప్పిన పని అలసట లేకుండా చేస్తుంది. చెప్పని చోట తనకు తోచింది చేస్తుంది. తేదీ దగ్గర దానికి తోచింది చేసే అవకాశం ఇవ్వకండి. వరుస మనమే చెబుదాం, చేసింది మనమే చూసుకుందాం. తెల్లవారుజామున లేచి పాలు పితికి తెచ్చిన సభ్యురాలికి ఆ రోజు పాలు ఆ రోజు లెక్కలోనే పడాలి. అది ఆమె హక్కు, మన సంఘం బాధ్యత.